మంచుపై ఎగిరిన మనిషి: ఛాయాచిత్రము చెప్పునది, దాచునది

రెండు పాదములను ఒకే పలకపై బిగించుకొని, పక్కవాటుగా నిలిచి మంచు వాలుపై జారుటను స్నోబోర్డింగ్ అందురు. స్కీయింగులో కాలికొక పలక. ఇందులో రెండు కాళ్లకు ఒకటే. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున షెర్మన్ పాపెన్ అను ఇంజనీరు తన కుమార్తెల కొరకు రెండు స్కీలను జోడించి చేసిన ఆటవస్తువు దీనికి పూర్వరూపము. 1998లో నగానో ఒలింపిక్సులో ఇది పోటీగా చేరినది. ఈ ఆటను ఫొటో తీయుట నేర్పు శిబిరములు ఇప్పుడు మంచు పర్వతములున్న దేశములలో జరుగుచుండును. అక్కడ ఉపన్యాసము తక్కువ, పని ఎక్కువ. ఆటగాడు మరల మరల ఎగురును. నేర్చుకొనువారు తలొక చోట నిలిచి తీయుదురు. సాయంకాలము ఆ చిత్రములను తెరపై వేసి మంచిచెడ్డలు చర్చింతురు.

ఈ శిక్షణలో మెచ్చుకొనదగినది మంచు వెలుగును గూర్చిన పాఠము. కెమెరాలోని కాంతిమాపకము తన ఎదుట ఉన్న దృశ్యము సగటున నూటికి 18 పాళ్లు వెలుగును తిప్పికొట్టునని భావించి లెక్క కట్టును. క్రొత్త మంచు తిప్పికొట్టునది 80 నుండి 90 పాళ్లు. కెమెరా ఆ అధిక కాంతిని చూచి బెదరి వెలుగును తగ్గించును. తెల్లని మంచు బూడిదరంగుకు దిగును. కనుక మంచులో వెలుగు ఎక్కువగా ఉన్నను, కెమెరాకు ఇంకను ఎక్కువ వెలుగు ఇవ్వవలెను. వెలుగును రెట్టింపు చేయుటను ఒక స్టాప్ అందురు. మంచులో సాధారణముగా ఒకటి నుండి రెండు స్టాపులు పెంచుదురు. వినుటకు విపరీతముగా తోచు ఈ సూత్రమును పుస్తకములో చదివినవాడు మరచిపోవచ్చును. బూడిదరంగు మంచును తన కెమెరాలోనే చూచినవాడు మరువడు. తరగతిలోను దీనిని చూపవచ్చును. సున్నము కొట్టిన గోడను ఒకసారి, నల్లబల్లను ఒకసారి కెమెరా నిండుగా తీసినచో, రెండును ఇంచుమించు ఒకే బూడిదరంగుకు వచ్చును.

చలికి బాటరీ నీరసించును గనుక దానిని లోజేబులో ఉంచుకొనుట, వెచ్చని గదిలోనికి వచ్చునపుడు కెమెరాపై నీరు పట్టకుండ సంచిలో మూసి తెచ్చుట వంటి జాగ్రత్తలు కూడ మంచివే.

చిక్కు సాయంకాలపు చర్చలో వచ్చును. అక్కడ తరచుగా మెప్పు పొందు చిత్రము ఒకటున్నది: నీలాకాశము మధ్య ఒక మనిషి, కాళ్లకు పలక, క్రింద ఏమియు లేదు. చూచుటకు అద్భుతమే. కాని అతడు లేచినది ఎక్కడ, దిగునది ఎక్కడ? ఎత్తు ఒక మీటరా, ఐదు మీటర్లా? కెమెరాను నేలకు ఆనించి, వెడల్పు కోణపు కటకముతో దగ్గరనుండి తీసినచో మోకాలెత్తు గెంతు కూడ మేఘములను తాకినట్లుండును. లేచు చోటు, దిగు చోటు రెండును కనిపింపవలెనని ఈ రంగములోని అనుభవజ్ఞులు పట్టుపట్టుట ఛాందసము కాదు. ఆ రెండును లేని చిత్రములో కొలబద్ద లేదు.

శిఖరక్షణమును పట్టుకొనుటే గొప్ప నేర్పనుట కూడ కొంత అతిశయోక్తి. సగము కోసిన గొట్టము వలె మంచులో తొలిచిన కాలువను హాఫ్‌పైప్ అందురు. దాని అంచునుండి 5 మీటర్ల ఎత్తు లేచినవాడు మరల అంచుకు చేరుటకు, గాలి నిరోధమును విడిచినచో, సుమారు 2 సెకనులు పట్టును. అందులో సరిగా సగము కాలము పైనున్న 1.25 మీటర్లలోనే గడచును. ఏలయన పైకి పోయిన కొలది వేగము తగ్గును. ప్రకృతియే ఫొటోగ్రాఫరుకు ఒక సెకను వ్యవధి ఇచ్చుచున్నది! అట్లని శిఖరమున అంతయు నిశ్చలమనుటయు తప్పే. అక్కడ ఆగునది నిలువు వేగము మాత్రమే. ఆ 2 సెకనులలో మూడున్నర చుట్లు తిరుగువాని పలక కొన సెకనుకు 8 మీటర్ల వేగముతో తిరుగుచుండును. కెమెరా 1/250 సెకను తెరచుకొన్నచో ఆ కొన 3 సెంటీమీటర్లు అలుకుకొనును. 1/1000 సెకను అయినచో 8 మిల్లీమీటర్లు. ఈ లెక్క తెలిసినవాడు ముఖము స్పష్టముగా, పలక కొన మసకగా ఉన్న చిత్రమును చూచి తప్పని కొట్టివేయడు. ఆ మసకయే భ్రమణమునకు సాక్ష్యము.

2010లో వాంకూవర్ ఒలింపిక్సులో షాన్ వైట్ చేసిన విన్యాసము పేరులో 1260 అను సంఖ్య ఉన్నది. అది డిగ్రీల లెక్క, అనగా మూడున్నర చుట్లు. ఒక్క ఛాయాచిత్రము అందులో ఒక్క కోణమును మాత్రమే చూపగలదు. ఈ లోపమును తీర్చుటకు వరుస చిత్రములను ఒకే చిత్రముగా కూర్చు పద్ధతి నేర్పుదురు. దీని తాతగారు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారే. 1880ల దశకములో అతడు నల్లని తెర ముందు తెల్లదుస్తుల మనిషిని నడిపించి, కదలికలోని అనేక దశలను ఒకే ప్లేటుపై బంధించెను. నలుపు ప్లేటును తాకదు గనుక అది సాధ్యమైనది. మంచు దీనికి తలక్రిందులు: నేపథ్యమే తెలుపు, ప్రతిసారి ప్లేటును నింపివేయును. అందుచేత వేర్వేరుగా తీసి తరువాత అతుకుట తప్పదు.

ఆ అతుకులోనే అసలు అపచారము జరుగును. తీసిన చిత్రముల మధ్య కాలవ్యవధి సమానముగా ఉన్నచో, ఎగిరినవాని రూపములు అడ్డముగా ఇంచుమించు సమదూరమున నిలుచును. నిలువుగా మాత్రము శిఖరమున దగ్గరగా చేరి, క్రిందికి పోయిన కొలది ఎడమగును. గెలీలియో నియమము కంటికి కనిపించును. కాని శిఖరమున రూపములు ఒకదానిపైనొకటి పడి అందము చెడునని, నడుమ కొన్నిటిని తీసివేయు అలవాటు కలదు. మిగిలినది చక్కని తోరణమే, కాని అందులో కాలము లేదు. ఎన్నింటిని తొలగించిరో చిత్రము క్రింద ఒక పంక్తి వ్రాసినను చాలును, అదియు అరుదు.

ఉపాధ్యాయులు దీనిని పరీక్షించుటకు మంచు అక్కరలేదు. లాంగ్ జంపును పక్కనుండి ఫోనులో సెకనుకు 30 చిత్రముల చొప్పున తీయించి, ప్రతి చిత్రములోను విద్యార్థి నడుము స్థానమును ఒకే కాగితముపై గుర్తింపజేయవచ్చును. ఫోను కదలరాదు, దుముకువాని దారి ప్రక్కనే ఒక మీటరు బద్ద కనిపింపవలెను, ఏ చుక్కను విడువరాదు.