హాస్యవర్ధని – హాస్యసంజీవని: ఒక పత్రికాకలహ పరిశీలనము

సామాజిక మాధ్యమములలో నేడు చెలరేగుచున్న ఆచారవివాదములు అపూర్వములని పలువురు తలచుచున్నారు. మాధ్యమము క్రొత్తదే, కలహమునకు మాత్రము మన పత్రికాచరిత్రలోనే పూర్వరంగము కలదు.

కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు 1871లో ఆంధ్రభాషాసంజీవనిని, కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని నెలకొల్పిరి. సంఘసంస్కరణ విషయమున ఈ రెండును పరస్పర విరుద్ధములు. వాదము ముదిరిన కొలదియు వ్యాసములు చాలవయ్యెను. వేంకటరత్నముగారు హాస్యవర్ధనిని వెలువరింపగా, వీరేశలింగముగారు 1876లో హాస్యసంజీవనితో బదులు చెప్పిరి. ఈ నామకరణమే పరిశీలింపదగినది. ఎదిరి పత్రిక పేరులోని తుదిపదమును గ్రహించి దానికి ‘హాస్య’ శబ్దమును తగిల్చుట ఇరువురి ఉపాయమును. ప్రతిపక్షి పేరునే మార్చి పెట్టుకొని అతనిని నవ్వులపాలు చేయు నేటి అనుకరణ ఖాతాల పద్ధతియు నిట్టిదే.

అయినను ఒక భేదము కలదు. ఆ వైరము ఒక సాహిత్యప్రక్రియను పోషించినది. హాస్యసంజీవనిలో వెలువడిన ‘బ్రహ్మవివాహము’, జనులు ‘పెద్దయ్యగారి పెండ్లి’ యని పిలిచిన ప్రహసనము, వృద్ధునకు బాలికను కట్టబెట్టు దురాచారమును పాత్రల మాటలలోనే ఎండగట్టినది. ఇచట పరిహాసము వ్యక్తిని విడిచి ఆచారమును పట్టుకొన్నది. సందర్భము గతించినంతనే ఎత్తిపొడుపునకు టీక కావలసివచ్చును. ప్రహసనము తనంత తాను నిలుచును.

నవ్వు వాదమును తీర్చదనుటకును ఈ చరిత్రయే సాక్ష్యము. వితంతువివాహ విషయమున అచ్చుమాటల గెలుపు నిర్ణాయకము కాలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వివాహము జరుగుటతో వాదము ఆచరణమయ్యెను. వెలి యను దండనము అప్పుడు మాటగా మిగులలేదు. దానిని కుటుంబములు అనుభవించినవి.

పరిశోధకులకు మరియొక హెచ్చరిక. ఈ కలహమును మనము విశేషించి వీరేశలింగముగారి స్వీయచరిత్రము ద్వారా ఎరుగుదుము. గెలిచినవారి నవ్వే మనకు వినవచ్చుచున్నది. వేంకటరత్నముగారు 1872లో నరకాసురవిజయ వ్యాయోగమును తెనిగించినవారు, మహామహోపాధ్యాయ బిరుదాంకితులు. వారిని కేవలము పరిహాసపాత్రముగా గ్రహించుట విమర్శ కాజాలదు. సంస్కరణపక్షము న్యాయమైనదని అంగీకరించుచునే ఎదిరి వాదమును దాని సంచికలలోనే చదువవలెను.

ఆనాటి సంపాదకులు పేరు దాచుకొనలేదు. సంచికకును సంచికకును నడుమ ఆలోచనకు వ్యవధియు నుండెను. నేటి వివాదమున ఈ రెండును అరుదు. కావుననే, ఏది వాదమో ఏది వట్టి వెక్కిరింతయో వేరుచేయు భారము నేటి చదువరిపైననే అధికముగా పడుచున్నది.