శ్రవ్యం నుంచి దృశ్యానికి: ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ టెలివిజన్ అనుసరణ - ఒక పరిశీలన

మార్గరెట్ అట్వుడ్ 1985లో వెలువరించిన ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ నవలలో కథానాయిక అసలు పేరు చివరిదాకా తెలియదు. ఆమెను అందరూ ‘ఆఫ్‌ఫ్రెడ్’ అని పిలుస్తారు. ఫ్రెడ్ అనే అధికారి ఇంట ఉన్నది కనుక ఆ పిలుపు వచ్చింది. చూడబోతే అది పేరు కాదు, షష్ఠీ విభక్తి. ఆమె మరొక ఇంటికి మారితే విభక్తి అలాగే ఉంటుంది, నామవాచకం మాత్రం మారిపోతుంది. 2017 ఏప్రిల్ 26న హులూ సంస్థ ప్రసారం ప్రారంభించిన ధారావాహికలో మొదటి భాగం ముగిసేలోపే ఆమె తన పేరు జూన్ అని ప్రేక్షకులకు చెబుతుంది. వెనువెంటనే, స్త్రీ ఎవరి సొత్తూ కాదని చాటే లెస్లీ గోర్ పాట వినిపిస్తుంది. నవల మొత్తం మీద దాచి ఉంచినదాన్ని ధారావాహిక గంట గడవకముందే బయటపెట్టింది. పైకి ఇది చిన్న మార్పు. అయితే ఆ తర్వాత అనుసరణలో వచ్చిన పెద్ద మార్పులకు బీజం ఇక్కడే ఉంది. ఆ మార్పుల వల్ల స్త్రీ సాక్ష్యానికి ఏం ఒనగూరింది, ఏం పోయింది అన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

నవల నేపథ్యం ఆధునిక సాహిత్య విద్యార్థులకు పరిచితమే కాబట్టి ఇక్కడ సంక్షేపంగా చెబితే చాలు. అమెరికా ప్రభుత్వాన్ని కూలదోసి ‘గిలియడ్’ అనే మతరాజ్యం ఏర్పడుతుంది. సంతానోత్పత్తి క్షీణించిన ఆ సమాజంలో గర్భం ధరించగల స్త్రీలను అధికారుల ఇళ్లకు పంచుతారు. దీనికి ఆదికాండము 30వ అధ్యాయంలోని రాహేలు, బిల్హాల కథను ప్రమాణంగా చూపుతారు. తెలుగు బైబిల్‌లో బిల్హాకు వాడిన మాట ‘దాసి’. ఈ వ్యాసంలోనూ ఆ మాటనే స్వీకరించడమైనది. అట్వుడ్ ఈ నవలను 1984లో పశ్చిమ బెర్లిన్‌లో ఉండగా ప్రారంభించారు. చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగనిదేదీ ఇందులో చేర్చకూడదని తనకు తాను నియమం పెట్టుకున్నట్లు ఆమె పలుమార్లు చెప్పారు. గర్భస్రావాన్ని నిషేధిస్తూ 1966లో రుమేనియా ప్రభుత్వం జారీ చేసిన 770వ శాసనం, అర్జెంటీనా సైనిక పాలనలో ఖైదీల బిడ్డలను అపహరించి పెంపకానికి ఇచ్చిన ఉదంతాలు ఆ చరిత్రలోనివే.

శ్రవ్యంగా నవల

భారతీయ ఆలంకారికులు కావ్యాన్ని శ్రవ్యం, దృశ్యం అని విభజించారు. అచ్చయిన నవలను శ్రవ్యమనడం సాధారణంగా లాక్షణికమే అవుతుంది. ఈ నవల విషయంలో మాత్రం అది వాచ్యార్థంలోనే నిజం. ‘చారిత్రక వివరణలు’ అనే చివరి భాగం ప్రకారం కథానాయిక ఏమీ రాయలేదు, క్యాసెట్లలోకి మాట్లాడింది. అటువంటివి సుమారు 30 క్యాసెట్లు మెయిన్ రాష్ట్రంలోని బాంగోర్‌లో ఒక లోహపు పెట్టెలో దొరికాయి. అనుమానం రాకుండా ఒక్కొక్కదాని మొదట్లో పాటలున్నాయి, ఆ తర్వాత ఆమె గొంతు ఉంది. స్త్రీలకు చదవడం, రాయడం నిషిద్ధమైన రాజ్యం గురించి వచ్చిన సాక్ష్యం గొంతుగానే మిగలడం యాదృచ్ఛికం కాదు.

ఆ గొంతుకు ఒక లక్షణం ఉంది. అది తనను తాను దిద్దుకుంటుంది. నిక్‌తో తొలి సమాగమాన్ని ఆమె ఒక విధంగా చెబుతుంది. అలా జరగలేదని మరో విధంగా చెబుతుంది. అదీ సరిగ్గా అలా కాదని ఒప్పుకుంటుంది. భర్త ల్యూక్ మరణించాడని, బందీగా ఉన్నాడని, సరిహద్దు దాటి బతికిపోయాడని మూడింటినీ ఏకకాలంలో నమ్ముతుంది. ఈ అనిశ్చితిని కథన చమత్కారంగా మాత్రమే పరిగణించడం పొరపాటు. వార్త అందకుండా చేయడం నియంతృత్వం మనిషిపై ప్రయోగించే ఆయుధాల్లో ఒకటి. ఆమెకు తెలియనిది పాఠకుడికీ తెలియకుండా ఉంచడం ద్వారా నవల ఆ ఆయుధం పదునును పాఠకుడికి కూడా తగిలేటట్లు చేసింది.

ధారావాహిక మొదటి సీజన్ ఏడో భాగంలో ల్యూక్ బతికే ఉన్నాడని చూపించారు. ఆ భాగం ఆసక్తికరంగానే సాగుతుంది. కానీ ఆ క్షణం నుంచి ప్రేక్షకుడికి జూన్ కంటే ఎక్కువ తెలుసు. అంతవరకు ఆమెతోపాటు గదిలో ఉన్నవాడు ఆ గది పైకప్పు తీసి చూసేవాడుగా మారతాడు.

ముఖం, దుస్తులు

ఇంతమాత్రాన దృశ్యరూపం వల్ల నష్టమే తప్ప లాభం లేదనడం న్యాయం కాదు. మొదటి మూడు భాగాలకు దర్శకత్వం వహించిన రీడ్ మొరానో స్వతహాగా ఛాయాగ్రాహకురాలు. కాలిన్ వాట్కిన్సన్ ఛాయాగ్రహణంలో ఆమె ఏర్పరచిన దృశ్యభాష తర్వాతి దర్శకులకు ఒరవడి అయింది. గిలియడ్ దృశ్యాల్లో చట్రం సౌష్ఠవంగా, నిశ్చలంగా ఉంటుంది. గతంలోని దృశ్యాల్లో చేతి కెమెరా కదులుతూ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఎలిజబెత్ మాస్ ముఖానికి కెమెరా అతి సమీపంగా వెళ్లడం. దాసీలు ధరించే టోపీకి ఉన్న తెల్లని రెక్కలు వారు చూడకుండానూ, ఇతరులు వారిని చూడకుండానూ అడ్డుపడతాయి. కెమెరా ఆ రెక్కల లోపలికి ప్రవేశించి, గిలియడ్‌లో ఎవరికీ అందని ముఖాన్ని ప్రేక్షకుడి ముందుంచుతుంది. పెదవులు విధేయంగా బైబిల్ వాక్కులు పలుకుతుంటే కళ్లు మరొకటి చెబుతాయి. నవలలో కథానాయిక లోగొంతు నెరవేర్చిన పనిని ఇక్కడ సాత్త్వికాభినయం నెరవేర్చింది. 1990లో వోల్కర్ ష్లోన్‌డార్ఫ్ తీసిన చలనచిత్రం, హెరాల్డ్ పింటర్ పేరుతో స్క్రీన్‌ప్లే ఉండి కూడా, ఈ లోగొంతుకు ప్రత్యామ్నాయం కనిపెట్టలేక చప్పబడింది.

ఏన్ క్రాబ్‌ట్రీ రూపొందించిన ఎర్రని దుస్తుల ప్రభావం తెరను దాటి వెళ్లింది. 2017 మార్చిలో, ప్రసారం ఇంకా మొదలు కాకముందే, టెక్సస్ సెనేట్ సందర్శకుల గ్యాలరీలో కొందరు స్త్రీలు ఆ వేషంలో మౌనంగా కూర్చొని గర్భస్రావ నియంత్రణ బిల్లులకు నిరసన తెలిపారు. 2018లో అర్జెంటీనాలో గర్భస్రావ హక్కు చర్చ సమయంలోనూ ఆ దుస్తులు వీధుల్లో కనిపించాయి. నవల వచ్చిన తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఆ దుస్తులు పుటల్లోనే ఎక్కువగా ఉన్నాయి. అందరూ గుర్తుపట్టగల రూపం వాటికి ధారావాహిక ఇచ్చింది. బిడ్డలను అపహరించిన దేశంగా గిలియడ్‌కు ఆధారమైన అర్జెంటీనాయే ఆ వేషాన్ని తిరిగి వాడుకోవడం గమనింపదగినది.

సెరీనా పాత్రను మలచిన తీరు కూడా అనుసరణ సాధించిన విజయమే. నవలలో ఆమె కీళ్లనొప్పులతో, చేతికర్రతో నడిచే వృద్ధురాలు, ఒకప్పటి టీవీ భక్తిగీతాల గాయని. ధారావాహికలో యువన్ స్ట్రహోవ్‌స్కీ పోషించిన సెరీనా జూన్ ఈడుదే. స్త్రీ స్థానం గృహమేనని గ్రంథం రాసి, ఆ రాజ్యస్థాపనకు తోడ్పడిన మేధావి. రెండో సీజన్ చివర పెద్దల సభలో బైబిల్ చదివినందుకు ఆమె వేలు కోసేస్తారు. తాను రాసిన రాజ్యంలో చదివే హక్కు తనకే లేకపోవడం అనే ఈ సన్నివేశం నవలలో లేదు. నవలా తర్కానికి మాత్రం పూర్తిగా లోబడి ఉంది.

సూచ్యాన్ని విస్మరించడం

ధనంజయుడు ‘దశరూపకం’లో నాటకవస్తువును సూచ్యమని, దృశ్యశ్రవ్యమని విభజించాడు. వధ, యుద్ధం వంటివి రంగస్థలంపై ప్రత్యక్షంగా చూపకుండా ప్రవేశక విష్కంభాదుల ద్వారా సూచించాలన్నది మన నాట్యశాస్త్ర సంప్రదాయం. ఈ నియమాన్ని కేవలం మర్యాదకో మంగళత్వానికో సంబంధించినదిగా చూడడం పరిపాటి. హింసను తదేకంగా చూపే నేటి తెరల ముందు దాన్ని మరో విధంగా చదవవచ్చు. ఏది చూపాలి, ఏది చూపకూడదు అన్నది బాధితురాలి పక్షాన తీసుకోవలసిన నిర్ణయం కూడా.

ధారావాహిక ఈ నిర్ణయాన్ని ఒకచోట అద్భుతంగా తీసుకుంది. మొదటి సీజన్ మూడో భాగంలో ఎమిలీని, ఆమె ప్రేమించిన స్త్రీని శిక్షిస్తారు. నోరు కట్టేసి ఉన్న ఎమిలీ వాహనం లోపల కూర్చొని వెనుక అద్దంలోంచి తన ప్రియురాలిని ఉరితీయడం చూస్తుంది. ఆ తర్వాత తెల్లని గదిలో ఆమెకు మెలకువ వస్తుంది. తన శరీరానికి ఏం జరిగిందో లిడియా అత్త మెత్తని మాటల్లో చెబితే తెలుస్తుంది. కోత ఎక్కడా కనిపించదు. కనిపించేదల్లా అలెక్సిస్ బ్లెడెల్ ముఖం. దాదాపు మాటలే లేని ఈ భాగం మొత్తం ధారావాహికలో అత్యంత భయంకరమైనది. దాని బలం సూచ్యంలో ఉంది.

రెండో సీజన్ ప్రారంభం దీనికి విరుద్ధం. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ క్రీడాస్థలంలో దాసీల నోళ్లు కట్టి, మెడలకు ఉరితాళ్లు తగిలించి నిలబెడతారు. నేపథ్యంలో కేట్ బుష్ పాట. మీట లాగుతారు, కానీ ఎవరూ వేలాడరు, అదంతా బెదిరింపు. సన్నివేశ చిత్రీకరణలో లోపం ఎంచలేము. అయితే జూన్ చనిపోదని ప్రేక్షకుడికి ముందే తెలుసు. సీజన్ ఇంకా 12 భాగాలు మిగిలి ఉంది. ఫలం తెలిసినప్పుడు భయం రసంగా పరిణమించదు, వేడుకగా మిగులుతుంది. మొదటి సీజన్ ముగింపు దగ్గరే నవల ప్రధాన కథ ముగిసింది. తర్వాత ఐదు సీజన్ల పాటు, మొత్తం 66 భాగాల వరకు కథను పొడిగించాలంటే జూన్ ప్రతిసారీ పట్టుబడాలి, హింసకు గురికావాలి, ప్రాణంతో ఉండాలి. రెండో సీజన్ చివర పసిబిడ్డను ఎమిలీ చేతికిచ్చి ఆమె వెనక్కి తిరగడానికి పెద్ద కూతురు హన్నాపై ప్రేమ కారణమని కథ చెబుతుంది. మూడో సీజన్ అవసరం మరో కారణం. గిలియడ్‌కు ఆమె గర్భం ఎందుకు విలువైనదో, నిర్మాతలకు ఆమె ముఖం అందుకే విలువైనది: దానినుంచి ఇంకా ఉత్పత్తి జరగవలసి ఉంది.

జాతి ప్రశ్న విషయంలో అనుసరణ చేసిన మార్పు మరింత చర్చనీయం. నవలలోని గిలియడ్ నల్లజాతివారిని ‘హాము సంతతి’గా ముద్రవేసి దూరప్రాంతాలకు తరలిస్తుంది. ధారావాహికలో మొయిరా, ల్యూక్ పాత్రలను నల్లజాతి నటులు పోషించారు. తెరపై అందరూ తెల్లవారే ఉండకూడదన్న సదుద్దేశం దీని వెనుక ఉంది. ఫలితంగా మాత్రం అమెరికా గడ్డపై పుట్టిన ఒక మతోన్మాద రాజ్యానికి వర్ణవివక్ష పట్టనట్లు కనిపిస్తుంది. పేరు మార్చడం, చదువు నిషేధించడం, బిడ్డను తల్లి నుంచి వేరుచేయడం, రహస్య మార్గాల్లో కెనడాకు తప్పించడం ఇవన్నీ ఆ దేశపు నల్లజాతి బానిస స్త్రీల చరిత్రలోంచి వచ్చినవి. ఆ చరిత్రను ప్రధానంగా ఒక తెల్లజాతి స్త్రీ ముఖంపై చూపుతూ దాని మూలం గురించి మౌనం వహించడం చిన్న లోపం కాదు. ‘స్త్రీ’ అనే ఏకవచనం ఎవరిని మినహాయిస్తుందన్న ప్రశ్నను ‘నల్లపొద్దు’ సంకలనం నాటి నుంచి దళిత స్త్రీవాదుల ద్వారా ఎదుర్కొన్న తెలుగు విమర్శకు ఈ మౌనాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు.

పరిశోధకుడి కుర్చీ

ధారావాహిక పూర్తిగా వదిలేసినది ‘చారిత్రక వివరణలు’. 2195లో జరిగే ఒక విద్వత్సదస్సులో ఆచార్య పీక్సోటో ఈ క్యాసెట్లపై పత్రం సమర్పిస్తాడు. సభలో నవ్వులు, చప్పట్లు. క్యాసెట్ల వరుసను తామే ఊహించి పేర్చామని చెబుతాడు. శీర్షిక కూడా సహపరిశోధకుడు పెట్టినదే, అందులో ఒక అశ్లీల శ్లేష. ఆమె మాటల కంటే ఆమె ‘యజమాని’ ఎవరన్న నిర్ధారణపైనే అతని ఆసక్తి. గిలియడ్‌ను తప్పుపట్టడం మన పని కాదని హెచ్చరిస్తాడు. ఆధార విమర్శ, పాఠ నిర్ణయం, తటస్థత వంటి పరిశోధనా మర్యాదలన్నీ అతను పాటించాడు. అన్నీ పాటిస్తూనే ఆమెను మరోసారి షష్ఠీ విభక్తిగా మార్చాడు. విశ్వవిద్యాలయాల్లో ఈ నవలను బోధించేవారికీ దీనిపై సిద్ధాంతవ్యాసాలు రాసేవారికీ అట్వుడ్ వేసిన కుర్చీ అది. ధారావాహికలో ఆ సభ లేదు కనుక ఆ కుర్చీలో కూర్చోవలసిన ఇబ్బంది ఎవరికీ లేదు. ప్రేక్షకుడు ఆద్యంతం జూన్ పక్షమే.

2025 మేలో ప్రసారమైన చివరి భాగంలో జూన్ కాలిపోయిన వాటర్‌ఫర్డ్ ఇంటికి తిరిగి వస్తుంది. తాను ఒకప్పుడు బందీగా ఉన్న గదిలో కిటికీ దగ్గర కూర్చొని, రికార్డర్ మీట నొక్కి, కుర్చీ, బల్ల, దీపం ఉన్న ఆ గదిని వర్ణించడం మొదలుపెడుతుంది. 66 భాగాల దృశ్యం చివరకు శ్రవ్యం దగ్గరకు చేరింది. కానీ ఆమె చెప్పబోయేదంతా ప్రేక్షకుడు అప్పటికే చూసేశాడు. పెట్టెలో దొరికిన క్యాసెట్లు విన్నవారికి ఆమె ఏమైందో తెలియలేదు, ఆమె ముఖం ఎలా ఉంటుందో కూడా తెలియలేదు.