కళాపూర్ణోదయము - ఆత్మస్వరూప విచారము

కళాపూర్ణోదయమును గూర్చి విమర్శకులు వ్రాసినదానిలో అధికభాగము కథాసంవిధానమునకు సంబంధించినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వ విచారము’ (1914) నందు సూరన కల్పనాశక్తిని పరీక్షించిన నాటినుండి ఆ చర్చ సాగుచునేయున్నది. అయితే ఈ కావ్యమునందలి చిక్కులు పాఠకుని విస్మయపఱచుటకు మాత్రమే యేర్పడినవా? కావని మా యభిప్రాయము. ‘నేను’ అనునది యేది యను ప్రశ్నయే ఆ చిక్కులకు మూలము.

కలభాషిణి నలకూబరుని వలచినది. అతనికై రంభరూపమును దాల్చినది. మణికంధరుడు రంభను వలచి నలకూబరరూపమును దాల్చెను. ఈ యిరువురును కలిసికొనిరి. కోరిన రూపము దొరకినది, కోరిన వ్యక్తి దొరకలేదు. అంతకంటె గమనింపదగిన దొకటి కలదు. ఆ సమాగమమున ప్రేమింపబడినది రంభయే కాని కలభాషిణి కాదు. తన్ను తాను మఱుగుపఱచుకొని పొందిన సుఖము తనదియే యగునా? ఇరువురు రంభలు వాదులాడుకొను ఘట్టము హాస్యముగా దోచినను, ఆకారమును బట్టి వ్యక్తిని నిర్ణయింపజాలమని చెప్పకయే చెప్పుచున్నది.

ఆకారము కానిచో జ్ఞాపకమే వ్యక్తియా? పాశ్చాత్యులలో జాన్ లాక్, మానవబుద్ధిని గూర్చిన తన గ్రంథపు రెండవ కూర్పున (1694), గతకర్మలను తనవిగా నెఱుగు చైతన్యమే వ్యక్తి యొక్క ఏకత్వమునకు ఆధారమని వాదించెను. 16వ శతాబ్దికి చెందిన సూరనకు ఆ వాదముతో సంబంధము లేదు. అయినను ప్రశ్న యొక్కటియే. కలభాషిణి మధురలాలసగా మరల జన్మించినది. శైశవముననే మణిస్పర్శచే ఆమెకు పూర్వజన్మస్మృతి కలిగి, పూర్వవృత్తాంతమును వివరించినది. ఇచట స్మృతి లోపలినుండి పుట్టలేదు, వెలుపలి వస్తువు వలన కలిగినది. కావున స్మృతి ‘నేను’ను తెలుపును గాని, తానే ‘నేను’ కాదని సూరన కథాగతిచే స్ఫురింపజేసెననవచ్చును.

ఇది కవి ప్రతిపాదించిన సిద్ధాంతమని మేము చెప్పుటలేదు. జన్మాంతరకల్పన మన కథలకు సామాన్యమే యని కొందఱు ఆక్షేపింపవచ్చును. ఆ మాట నిజమే. కాని సామాన్యమైన కల్పన నొక ప్రశ్నగా మార్చుటలో సూరన విశేషము కలదు. పరరూపములతో కలిసి వంచితులైన యిరువురే, మఱుజన్మమున కళాపూర్ణ మధురలాలసలై, ఎరువురూపము లేకయే దంపతులైరి. జ్ఞానము ఆత్మవంచనను తొలగించినగాని శ్రేయస్సు చేకూరదను భావము ఈ పరిణామమున ఇమిడియున్నది. ఈ దృష్టితో చదివినచో చిక్కుముడులుగా దోచిన ఘట్టములు ఒకే విచారమునందలి మెట్లుగా కనబడును.