మన పిన్ని కదూ!

ఆదివారం మధ్యాహ్నం టీవీలో ‘స్వాతిముత్యం’ వచ్చింది. ఎన్నోసారి అని అడక్కండి. ఈ కాలమ్ రాసేవాడు అన్నం కంచం పట్టుకుని సోఫాలో కూలబడ్డాడు. తెర మీద సీతారామ కల్యాణం జరుగుతోంది. శివయ్య తాళి అందుకున్నాడు, వితంతువు లలిత మెడలో కట్టేశాడు. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయే చోటు అది. ఎప్పుడూ ఆగుతుంది, ఈసారీ ఆగింది. సరిగ్గా అప్పుడే మంచం మీది నుంచి ఎనభై రెండేళ్ల అమ్మ కళ్లజోడు సర్దుకుంటూ అంది: “ఏరా, ఈవిడ మన పిన్ని కదూ?”

ముద్ద కంచంలోకి జారిపోయింది.

విశ్వనాథ్ తీసిన సినిమా, 1986లో వచ్చింది, మన దేశం తరఫున ఆస్కార్‌కి వెళ్లింది. అందులో కమల్‌హాసన్ అంతటివాడి పక్కన నిలబడి, మాట కన్నా మౌనంతో ఎక్కువ నటించిన రాధికని చూసి అమ్మకి గుర్తొచ్చింది జెమిని టీవీలో వచ్చిన ‘పిన్ని’ అనే డబ్బింగ్ సీరియల్! సీరియళ్ల మీద ఈ కాలమిస్టుకున్న కక్ష పాత పాఠకులకు తెలిసిందే. తలుపు తీస్తే మూడు ఉరుములు, ఒకే మొహం మూడు వైపుల నుంచి మూడుసార్లు, వంటింట్లో పోపు వేస్తూ కూడా కంచిపట్టు చీర. దీని మీద అతను ఇదివరకు రాసిన ప్రతిసారీ ఉత్తరాలొచ్చాయి. సగం మెచ్చుకుంటూ, సగం “మీ ఇంట్లో రిమోట్ మీ చేతికి రాదేమో” అంటూ. రెండో సగం చెప్పిందే నిజం.

కాబట్టి ఈ వారం కాలమ్‌కి ఆ మధ్యాహ్నమే పేరు కుదిరిపోయింది: ‘టీవీ మింగేసిన నటి’. సాయంత్రం కాగితాలు ముందేసుకుని సాక్ష్యాలు పోగుచేయడం మొదలుపెట్టాడు.

మొదటి సాక్ష్యం 1978 నాటిది. భారతీరాజా ‘కిళక్కే పోగుమ్ రయిల్’ అనే తమిళ సినిమా తీస్తూ పదహారేళ్లు నిండని రాధికని నాయికగా తెచ్చాడు. పక్కన కథానాయకుడు ఎవరనుకున్నారు? మన సుధాకర్. తర్వాత తెలుగులో పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వించిన ఆ సుధాకరే. అరవదేశంలో వాళ్లిద్దరిదీ హిట్టు జంట. ఆ సినిమానే మరుసటేడు బాపు ‘తూర్పు వెళ్లే రైలు’గా తెలుగులో తీశాడు గానీ అందులో వీళ్లిద్దరూ లేరు.

తెలుగువాళ్లకి రాధిక గట్టిగా తెలిసింది 1981లో, ‘న్యాయం కావాలి’తో. డి. కామేశ్వరి నవల ‘కొత్త మలుపు’ దానికి ఆధారం. కోదండరామిరెడ్డి దర్శకుడు. మోసపోయిన అమ్మాయి బావిలో దూకదు, మోసం చేసినవాడి కాళ్ల మీదా పడదు. కోర్టుకెక్కుతుంది. మోసం చేసినవాడు చిరంజీవి! అప్పటికింకా మెగాస్టార్ కాలేదు గనక ఆ వేషం వేయగలిగాడని కాలమిస్టు అనుమానం. శారద లాయరమ్మ. బోనులో నిలబడ్డ రాధిక వయసు అప్పటికి ఇరవై దాటలేదు. ఆ కళ్లలో జాలి కోరే చూపు లేదు. ‘ఏం, నేనడిగిందానికి సమాధానం చెప్పరా?’ అన్నట్టుంటాయి. తర్వాత ‘అభిలాష’ వచ్చింది, చిరంజీవితోనే మరికొన్ని వచ్చాయి, పాటలకి చెట్ల చుట్టూ తిరగడాలూ వచ్చాయి. వాటి గురించి చెప్పుకునేదేం లేదు.

1992లో ‘స్వాతికిరణం’. మమ్ముట్టి మహా విద్వాంసుడు, లోపల పసిపిల్లవాడి మీద అసూయతో కుళ్లిపోతుంటాడు. ఆయన భార్య శారదగా రాధిక. ఒకపక్క పిల్లలు లేని ఇంట్లోకి వచ్చిన ఆ కుర్రాడి మీద ప్రేమ, ఇంకోపక్క దేవుడనుకున్న భర్త మనిషి కూడా కాదని రోజుకింత తెలిసిపోతుండటం. ఆ రెండింటి మధ్యా ఆమె నడిచిన తీరు చూసి విశ్వనాథ్ అదృష్టవంతుడని కాలమిస్టు ఎన్నోసార్లు అనుకున్నాడు. ఈ కాలమ్‌లో రెండుసార్లు రాశాడు కూడా. ఇది మూడోసారి.

అంతవరకూ వాదన బాగానే నడుస్తోంది. ఇలాంటి నటి 1999 నాటికి సీరియల్లోకి వెళ్లిపోయిందంటే టీవీ మింగేసినట్టే కదా, అని రాయబోతుంటే ఆమె తండ్రి పేరు రాయడం మర్చిపోయానని గుర్తొచ్చింది. అక్కడ బండి పట్టాలు తప్పింది.

రాధిక తండ్రి ఎం.ఆర్. రాధా. తమిళ రంగస్థలం మీద సింహం లాంటివాడు. 1967 జనవరిలో ఎం.జి.ఆర్. మీద తుపాకీ పేల్చి జైలుకెళ్లినవాడు కూడా ఆయనే, కానీ ఇక్కడ ఆ కథతో పని లేదు. ఆయన పేరు చెప్పగానే వచ్చే నాటకం ‘రత్తకన్నీర్’. 1954లో సినిమాగానూ వచ్చింది. అదే నాటకాన్ని తెలుగులో నాగభూషణం ‘రక్తకన్నీరు’గా ఊరూరా ఆడారు. చివరికి ఇంటిపేరు మాయమై ‘రక్తకన్నీరు నాగభూషణం’ అయిపోయారు.

కాలమిస్టు నాన్న ఆ నాటకానికి భక్తుడు. తెనాలి చుట్టుపక్కల ఎక్కడ పరదా లేస్తున్నా సైకిలు తీసేవాడు. ఇంట్లో గడ్డం గీసుకుంటూ, అద్దంలో తనని తానే వెటకారం చేసుకుంటూ, కుష్ఠు సోకిన ఆ ఫారిన్ రిటర్న్డ్ పెద్దమనిషిలా దగ్గేవాడు. అమ్మ వంటింట్లోంచి “చాల్లెండి, శుభమా అని పొద్దున్నే” అనేది. ఒకసారి పదేళ్ల కొడుకు అడిగాడు: “చూసిన నాటకమే మళ్లీ ఎందుకు చూస్తావు నాన్నా?” నాన్న సబ్బు నురగ మొహంతో వెనక్కి తిరిగి, “నిన్న ఆడినట్టు ఇవాళ ఆడడ్రా ఆయన” అన్నాడు.

ఆ మాటకి అర్థం చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. ఎం.ఆర్. రాధా ఆ పాత్రలో ఉండగానే ఆ రోజు పేపర్లో పడ్డ రాజకీయాన్ని లాక్కొచ్చి వాయించేవాడు. నాగభూషణమూ ఆ సందు వదల్లేదు. కథ అదే, ఏడుపు అదే, చప్పట్లు పడే చోట్లూ అవే. అయినా రోజూ కొత్తగా నిలబెట్టాలి. నిన్న గొంతు బాగుండొచ్చు, ఇవాళ జలుబు చేసి ఉండొచ్చు. పరదా ఆగదు. ఒక పక్కన ప్రాంప్టరు పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటాడు, మాట తడబడితే అందిస్తాడు.

ప్రాంప్టరు! అక్కడే కాలమిస్టు కలం ఆగింది.

సీరియళ్లని వెక్కిరించడానికి అతను వాడే మొదటి ఆయుధమే అది. సీరియల్ వాళ్లకి డైలాగు కూడా రాదు, కెమెరా వెనక అసిస్టెంటు డైరెక్టరు చదివి వినిపిస్తుంటే చిలకల్లా అప్పచెబుతారని. నాన్న సైకిలు తొక్కుకుంటూ వెళ్లి చూసిన మహానటులకీ పక్కన ఒకడు అందించేవాడు ఉన్నాడు మరి. అక్కడ అది కళ, ఇక్కడ చిలకపలుకా?

సినిమాలో ఒక షాటు తీస్తారు, లైట్లు మారుస్తారు, ఇంకో షాటు తీస్తారు. రెండు వాక్యాలు చెప్పి గంటసేపు కుర్చీలో కూర్చోవచ్చు. సీరియల్లో ఆ భాగ్యం లేదు. రేపు రాత్రికి ఎపిసోడ్ వెళ్లాలి. సీన్ పేపరు సెట్లోనే చేతికందుతుంది, పేజీలకి పేజీలు పొద్దుగూకే లోపల అయిపోవాలి. మొన్న తీసిన ఏడుపుకీ ఇవాళ్టి ఏడుపుకీ అతుకు కనబడకూడదు.

పెన్సిలుతో ఒక లెక్క కట్టాడు. రాధిక కవలలుగా వేసిన ‘వాణి రాణి’ 2013 నుంచి 2018 దాకా 1,700కు పైగా ఎపిసోడ్లు నడిచింది. ప్రకటనలు తీసేసి ఎపిసోడ్‌కి ఇరవై నిమిషాలు అనుకున్నా 560 గంటలు దాటుతుంది. రెండున్నర గంటల సినిమాలతో కొలిస్తే రెండొందల ఇరవై సినిమాల నిడివి. అదీ ఒక్క సీరియల్. దానికి ముందు ‘అణ్ణామలై’, ‘సెల్వి’, ‘అరసి’, ‘చెల్లమే’ వరసగా ఉన్నాయి. నాటకాలవాడి కూతురు తండ్రి అలవాటుకే తిరిగి వెళ్లింది, కాకపోతే ఊరూరా తిరిగే లారీ లేదు.

అలాగని రోజువారీ పనంతా గొప్ప నటనేనా? కాదు. ఆ ఎపిసోడ్లలో వంద చూసినా ‘స్వాతికిరణం’లో ఆమె చూసిన ఒక్క చూపుకి సరితూగవని కాలమిస్టు ఇప్పటికీ మొండికేస్తాడు. కానీ ‘మింగేసింది’ అనే మాట మాత్రం నిలబడటం లేదు. అసలు మింగేదెవరు? ‘బడిపంతులు’లో ఎన్టీఆర్‌కి మనవరాలిగా వేసిన శ్రీదేవి, ఏడేళ్లు తిరిగేసరికి ‘వేటగాడు’లో ఆయన పక్కన నాయిక. మనవరాలు నాయిక అయింది గానీ ఆయన మాత్రం హీరోగానే ఉన్నాడు. మన సినిమాలో హీరోకి వయసు రాదు, నాయికకి ఒక్కసారిగా వచ్చేస్తుంది. ముప్పై అయిదు దాటితే వదిన, ఆ తర్వాత తల్లి. హారతి పళ్లెం చేతికిచ్చి గుమ్మం దగ్గర నిలబెడతారు.

రాధికకి 1999లో ముప్పై ఏడేళ్లు. ఆ వయసులో ఆమె తన సొంత సంస్థ రాడాన్ మీద ‘చిత్తి’ తీసింది. సన్ టీవీలో మొదలై 2001 దాకా నడిచింది. హారతి పళ్లెం పట్టుకోలేదు. కథంతా ఆమె చుట్టూ తిరిగింది, జీతాలు కూడా ఆమే ఇచ్చింది. అదే తెలుగులోకి ‘పిన్ని’ అయి వచ్చింది. మనకి పిన్ని అంటే అమ్మ చెల్లెలు, నాన్న రెండో భార్య కూడా. అరవంలో చిత్తికీ ఆ రెండర్థాలూ ఉన్నాయి. సవతితల్లి అంటే ముళ్లు గుచ్చుకున్నట్టుండే చోట పిన్ని అని పెట్టగానే పాయసం వాసనొస్తుంది. ఆ ఒక్క మాటే సగం సీరియల్‌ని మోసిందేమో.

ఇది రాధిక ఒక్కదాని కథే కాదు, రమ్యకృష్ణ సంగతే చూడండి. ‘నరసింహ’లో నీలాంబరికీ ‘బాహుబలి’లో శివగామికీ మధ్య పదహారేళ్లు. ఆ మధ్యలో ఆమె తమిళంలో ‘తంగం’, ‘వంశం’ అంటూ ఏళ్ల తరబడి సీరియళ్లు చేసింది. 2015లో శివగామి నీళ్లలోంచి పసివాణ్ని పైకెత్తి చూపించినప్పుడు హాళ్లు ఊగిపోయాయి. అప్పటికింకా ‘వంశం’ రాత్రిళ్లు నడుస్తూనే ఉంది. శివగామి కనురెప్ప వేయకుండా ఆజ్ఞ ఇచ్చే తీరులో ఆ రోజువారీ సాధన ఎంతుందో ఎవరు తూచారు? సాగదీస్తారు, సాగదీస్తారు అని ఈ కాలమ్ ఇన్నాళ్లుగా తిట్టిపోసిన ఆ సాగదీతే, సినిమా ఇవ్వడం మానేసిన ఏళ్లని ఈ నటీమణులకిచ్చింది. ఇది రాయడానికి కాలమిస్టుకి కష్టంగానే ఉంది. మూడు ఉరుముల మీద కోపం మాత్రం అలాగే ఉంది, గమనించగలరు.

కాగితం మీది పేరు కొట్టేసి ముందుగదిలోకి వచ్చేసరికి సినిమా ఎప్పుడో అయిపోయింది. అమ్మ ఇంకా దాని గురించే ఆలోచిస్తోంది.

“చివర్లో ఆ పిల్లని చంపేశారేంట్రా?” అంది.

“కథ అంతేనమ్మా. శివయ్య ఆవిడ జ్ఞాపకంగా తులసికోట పట్టుకుని...”

“ఏం కథో. అదే సీరియల్ అయితే చావనిచ్చేవాళ్లా? రేపు కూడా రావాలి కదా ఆవిడ” అని రిమోట్ కోసం దిండు కింద వెతుక్కుంది.