జాకీ చాన్ నిచ్చెన

‘ఫస్ట్ స్ట్రైక్’ చూసినవాళ్లను కథేమిటని అడగండి. ఉక్రెయిన్ అంటారు, మంచుకొండలు అంటారు, ఎవరో అణ్వాయుధం దొంగిలించారంటారు. అక్కడికి ఆగిపోతారు. అదే నిచ్చెన ఫైటు గురించి అడిగితే మాత్రం లేచి నిలబడతారు. రెండు చేతులూ గాల్లో తిప్పుతూ, వంగి దూరుతూ చూపిస్తారు. ఈ సినిమా గురించి ప్రేక్షకులు ఇచ్చిన అసలు తీర్పు ఇదే. కథ బలహీనమన్నది నిజం. కానీ కథను మరిచిపోయిన మనిషి ఒక పోట్లాటను ఒంటితో గుర్తుపెట్టుకున్నాడంటే, ఆ పోట్లాటను కట్టిన పనివాడి చేతిలో ఏదో ఉంది. అదేమిటో దగ్గరికెళ్లి చూడాలి.

1996లో హాంకాంగ్‌లో విడుదలైన ఈ సినిమా ‘పోలీస్ స్టోరీ’ వరుసలో నాలుగోది. దర్శకుడు స్టాన్లీ టాంగ్. మూడో భాగమూ, ‘రంబుల్ ఇన్ ద బ్రాంక్స్’ కూడా ఆయన తీసినవే. జాకీ చాన్ వేసిన హాంకాంగ్ పోలీసు అధికారి పాత్ర చిన్న పని మీద ఉక్రెయిన్ వెళ్లి గూఢచారుల గొడవలో ఇరుక్కుంటుంది. రష్యా మీదుగా ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ చేరుతుంది. మరుసటి ఏడు అమెరికాలో విడుదల చేసినప్పుడు దాదాపు ఇరవై నిమిషాలు కోసేశారు, సంగీతం మార్చారు, మాటలు ఇంగ్లీషు చేశారు. కథ అతుకులబొంతలా ఉందని విసుక్కున్నవాళ్లలో చాలామంది చూసింది ఆ కోతపడ్డ ప్రతినే. పూర్తి ప్రతిలో కథ గొప్పగా ఉందని చెప్పను గానీ, ఊపిరి తీసుకునే చోటైనా ఉంటుంది.

గూఢచారి అనగానే మనకు జేమ్స్ బాండ్ కనబడతాడు. ఎంత కొట్లాట జరిగినా ఆయన కోటు నలగదు. జాకీ చాన్ ఆ అచ్చును తీసుకుని తలకిందులు చేశాడు. ఈ గూఢచారి చలికి గజగజ వణుకుతాడు. స్నోబోర్డు మీద జారుకుంటూ వచ్చి కొండ అంచు నుంచి దూకి, ఎగురుతున్న హెలికాప్టర్ కింది కడ్డీని పట్టుకుంటాడు. ఆ తరవాత విజయం రాదు, గడ్డకట్టిన నీళ్లలో పడటం వస్తుంది. బ్రిస్బేన్‌లో నేథన్ జోన్స్ అనే ఆరున్నర అడుగులు దాటిన కుస్తీ యోధుడి చేతిలో చిక్కి, కోవాలా బొమ్మల లోదుస్తులతో మిగులుతాడు. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వులో చిన్నచూపు ఉండదు. ఈ మనిషికి చలేస్తుంది, నొప్పి పుడుతుంది, సిగ్గేస్తుంది అని ప్రేక్షకుడికి నమ్మకం కుదురుతుంది. నిచ్చెన ఫైటుకు పునాది అక్కడ పడింది. దెబ్బ తగిలితే నొప్పి పుట్టే మనిషి ఎదుట పదిమంది కర్రలు పట్టుకుని నిలబడితేనే కదా భయమేసేది!

ఇంక నిచ్చెన ఫైటు జరిగే గదిలోకి వద్దాం. స్థానిక చైనీయుల పెద్దాయన హత్య నింద జాకీ మీద పడింది. తాను చంపలేదని చెప్పుకోవడానికి వచ్చాడు. వాళ్లు వినలేదు, మీద పడ్డారు. ఇక్కడే ఈ పోట్లాట మామూలు పోట్లాటలకు దూరంగా జరిగిపోయింది. ఎదుట ఉన్నవాళ్లు దుర్మార్గులు కారు. తమ పెద్దదిక్కును చంపాడనుకుని కోపంతో ఉన్న మంచివాళ్లు. వాళ్లను చావగొడితే కథానాయకుడు తప్పు చేసినట్టే. కొట్టకుండా నిలబడితే చచ్చిపోతాడు. మరి ఏం చెయ్యాలి? ముందు దొరికిన చీపురు పట్టుకుంటాడు, బల్లలు అడ్డం పెట్టుకుంటాడు. ఆ తరవాత చేతికి మడత నిచ్చెన వస్తుంది.

కత్తి ఇచ్చి ఉంటే పొడవాలి. తుపాకీ ఇస్తే కాల్చాలి. నిచ్చెన ఇస్తే? అది అడ్డుపెట్టుకోవడానికి పనికొస్తుంది, ఇరికించడానికి పనికొస్తుంది, దూరం పెట్టడానికి పనికొస్తుంది. చంపడానికి మాత్రం పనికిరాదు. కొట్టడం ఇష్టంలేని మనిషికి ఇంతకంటే సరైన పనిముట్టు లేదు. నవ్వు కోసం పెట్టిన వింత వస్తువని చాలామంది అనుకుంటారు గానీ, నా మటుకు నాకు అది పాత్ర స్వభావాన్ని చూసి ఏరిన వస్తువుగా కనిపిస్తుంది.

ఏరిన తరవాత దాని గుణాల్ని ఎలా వాడుకున్నారో చూడండి. అది అల్యూమినియంది. రంగులు వేసేవాళ్లు గదిలో నిలబెట్టుకునే రకం. తేలిక కాబట్టి ఒక్క మనిషి ఎత్తి తిప్పగలడు. కీలు ఉంది కాబట్టి తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మెట్ల మధ్య సందులున్నాయి, మనిషి దూరగలడు. నిలబెడితే ఎక్కొచ్చు, పడేస్తే కంచె అవుతుంది. జాకీ వీటిలో దేన్నీ వదల్లేదు. భుజాలకెత్తుకుని గిరగిరా తిప్పుతాడు. సందులోంచి పాములా దూరి అవతల తేలతాడు. మడిచి ఎదుటివాడి కర్రను నోట కరిపించినట్టు పట్టేస్తాడు. నిలబెట్టి పైకి పాకి, అటువైపు దూకుతాడు. ప్రతి కదలికా ఆ వస్తువులో అంతకుముందే ఉన్నది. మనం రోజూ చూస్తూ కూడా చూడనిది. నిచ్చెనకు లేని శక్తిని అంటగట్టిన క్షణం ఒక్కటీ లేదు. అందుకే ఆ ఫైటు చూశాక మామూలు నిచ్చెనను చూసినా చేతులు కదులుతాయి.

కెమెరా పని కూడా నిచ్చెనే తేల్చింది. అంత పొడుగు వస్తువు తిరుగుతుంటే దగ్గరి షాట్‌లో ఏమీ కనపడదు. కెమెరా వెనక్కి జరగాల్సిందే. జరిగింది కాబట్టి తల నుంచి కాలిదాకా మనిషి కనబడతాడు. కొట్టినవాడూ, తగిలినవాడూ ఒకే చట్రంలో ఉంటారు. చెయ్యి ఒక షాట్‌లో లేచి, దవడ మరో షాట్‌లో తిరిగితే మధ్యలో ఏం జరిగిందో ఎడిటర్ మాట నమ్మాలి. ఇక్కడ ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

లయ సంగతి ఇంకా ఎక్కువ చెప్పుకోవాలి. సినిమా పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ హాంకాంగ్ పోరాటాల మీద చాలా శ్రద్ధగా రాశాడు. నిశ్చలంగా ఒక క్షణం, ఒక్కసారిగా విరుచుకుపడటం, మళ్లీ నిశ్చలం. ఇదే వాటి నడక అన్నాడు. నిచ్చెన ఫైటును ఆ చెవితో వినండి. కూచిపూడిలో జతులు ముంచుకొచ్చి తీర్మానంలో సమం మీద ఒక్క భంగిమగా ఆగినట్టు, పది కదలికలు దూసుకొచ్చి జాకీ నిచ్చెన వెనక ఆగుతాడు. ఆ ఆగిన క్షణంలోనే ప్రేక్షకుడు జరిగింది అర్థం చేసుకుంటాడు, నవ్వుతాడు. ఆపకుండా ఉంటే నవ్వుకు చోటుండేది కాదు. ఈ కొలత జాకీకి చిన్నప్పుడే ఒంటపట్టింది. హాంకాంగ్‌లో యూ జిమ్-యుయెన్ నడిపిన పెకింగ్ ఒపేరా బడిలో పెరిగాడు. శామో హంగ్, యుయెన్ బియావ్ అక్కడే తోటి పిల్లలు. పల్టీలు, ఈటె విన్యాసాలు, తాళం వాయిద్యాల దెబ్బకు బొమ్మలా ఆగిపోవడం ఆ బడి చదువు. నిచ్చెన కొత్తదే గానీ దాన్ని తిప్పిన చేతులు వేదిక మీద ఈటెను తిప్పి అలవాటుపడ్డవి.

ఇంత సులువుగా కనబడ్డ పని ఎంత కష్టమో చివర్లో పేర్లు పడేటప్పుడు తెలుస్తుంది. చెడిపోయిన టేకులన్నీ చూపిస్తారు. 1981లో ‘కెనన్‌బాల్ రన్’లో నటించినప్పుడు ఈ పద్ధతిని చూసి జాకీ తన సినిమాల్లోకి తెచ్చుకున్నాడు. అక్కడ అది నటుల సరదా. ఇక్కడ పనివాళ్ల లెక్కల పుస్తకం. తప్పిన దెబ్బ, తగలకూడని చోట తగిలిన లోహం, మళ్లీ మొదటినుంచి. జనం ఆ భాగం కోసం కుర్చీల్లోంచి లేవరు. లేవకూడదు కూడా. ఈ సినిమాకు హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ యాక్షన్ రూపకల్పన బహుమతి వచ్చింది. అది స్టాన్లీ టాంగ్ పేరున వచ్చినా, నేలమీద పడ్డ స్టంట్ బృందంలో ప్రతి ఒక్కరికీ అందులో వాటా ఉంది. నిచ్చెన తిరిగేటప్పుడు సరిగ్గా అదే క్షణాన తల వంచాల్సినవాడు వంచకపోతే జాకీ ఒక్కడి నేర్పు ఏం చేస్తుంది?

ఇదే సినిమాలోని సొరచేపల కొలను పోట్లాటకు ఇంత మెప్పు రాలేదు. సొరచేప కొన్ని షాట్లలో బొమ్మని తెలిసిపోతుంది కూడా. ఆలోచన మాత్రం చాలా మంచిది. వేగమే ప్రాణమైన కుంగ్‌ఫూను నీళ్లలో ముంచి, వేగాన్ని పూర్తిగా లాగేసుకున్నారు. గుద్దు గుద్దుగా తగలదు, మాట పలకదు. అప్పుడు పోట్లాట గాలి గొట్టం కోసం పెనుగులాటగా మారిపోతుంది. ఊపిరి ఎవరి నోట్లో ఉంటే వాడిదే పైచేయి.

మన తెలుగు ఫైటు మాస్టర్లు గొప్ప నేర్పరులు. అయితే మన పోరాటాలు ఎక్కువగా హీరో ఎత్తును చూపడానికి కట్టినవి. గుద్దితే ఎదుటివాడు గాల్లో లేవాలి, నేల అదరాలి. ఆ ఆనందం వేరు, దాన్ని నేను కాదనను. నిచ్చెన ఫైటు హీరోకున్న లోటు మీద కట్టినది. ఒక్కడు, ఇష్టంలేదు, చేతిలో ఆయుధం లేదు. ఆ లోటు ఎంత పెరిగితే బుర్ర అంత పనిచేస్తుంది. మనవాళ్లు ఈ రెండో దారిలో ఇంకా చాలా చెయ్యొచ్చని నా ఆశ.

స్టాన్లీ టాంగ్, జాకీ జోడీ తరవాత మన పక్కకే వచ్చింది. 2005లో వచ్చిన ‘ద మిత్’ కోసం హంపీ శిథిలాల మధ్య చిత్రీకరించారు. 2017లో వచ్చిన ‘కుంగ్‌ఫూ యోగా’లో ‘అరుంధతి’ పశుపతి, అదే మన సోనూ సూద్, జాకీకి ఎదురు నిలిచాడు. వాటిలోనూ సరదా ఉంది. కానీ కంప్యూటర్ బొమ్మలు పెరిగాయి, వస్తువు బరువు తగ్గింది. పనితనం చూడాలంటే 1996 సినిమాకే వెళ్లాలి. హాంకాంగ్ ప్రతి దొరికితే అదే చూడండి. నిచ్చెన ఫైటు మొదటిసారి జాకీని చూస్తూ గడిచిపోతుంది. రెండోసారి వేసుకుని, అతన్ని వదిలేసి, చుట్టూ ఉన్నవాళ్ల తలలను మాత్రమే చూడండి.