పాలకొల్లు మాండలిన్, జాజ్ వేదిక

ఇటీవల పెనుగొండలో కొందరు విద్యార్థి మిత్రులతో సంగీతం మీద మాటలు సాగాయి. వారిలో ఒకడు, బాగా చదువుకున్నవాడే, ఇలా తేల్చేశాడు: "జాజ్ పీడితుల సంగీతం, అది మనది. కర్ణాటక సంగీతం గుడిదీ సభలదీ, అది మనకెందుకు?" అలాగయితే పక్కనున్న పాలకొల్లులో పుట్టి జాజ్ వేదికలెక్కిన మాండలిన్ శ్రీనివాస్‌ని ఏ గాటన కడతావని అడిగాను. "ఆయన సంగతి వేరు, అది దైవదత్తం" అన్నాడు. దేవుణ్ణి నమ్మనివాడి నోట ఆ మాట రావటం వల్లనే ఈ నాలుగు ముక్కలూ రాయవలసివచ్చింది.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు. ఆరేళ్లకే మాండలిన్ పట్టాడు, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశాడు. బాలమేధావి కథలన్నీ ఇంతవరకే చెప్పి చేతులు జోడిస్తాయి. కాని ఆ వాద్యం కుర్రవాడి చేతికి ఎలా అందింది, దాని మీద కృతి ఎలా పలికింది అన్న ప్రశ్నలు వేసుకుంటే కథ మారిపోతుంది. తండ్రి సత్యనారాయణ సంగీతం నేర్చినవాడు. మాండలిన్ కొనిపెట్టి తొలిపాఠాలు చెప్పాడు. వాసూరావు అనే గిటారు వాద్యకుడు పాశ్చాత్య సంగీతం రుచి చూపించాడు. ఆ తరువాత రుద్రరాజు సుబ్బరాజు శిక్షణ. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాయకుడు. మాండలిన్ వాయించటం ఆయనకు రాదు!

ఇక్కడ కాస్త ఆగాలి. గురువు పాడేవాడు, పిల్లవాడు విన్నదాన్ని తీగెల మీద వెతుక్కునేవాడు. వేలు ఇక్కడ పెట్టు, ఇలా మీటు అని చూపించేవాడు లేడు. అనుకరించటానికి ముందు తరం మాండలిన్ విద్వాంసుడూ లేడు. అందుచేత ఆయన వాదనంలో వినిపించేది మొదటినుంచీ గాత్రమే. నోరు విప్పి పాడకపోయినా శ్రీనివాస్‌ని గాయకుల సరసన కూర్చోబెట్టి వినటం న్యాయం.

పైగా వాద్యం లొంగేది కాదు. మాండలిన్‌కు జంటలుజంటలుగా ఎనిమిది తీగెలు, గట్టి మెట్లు; మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది. గమకం లేనిదే కర్ణాటక రాగం లేదు గదా! శ్రీనివాస్ జంటలు తీసేసి ఐదు ఒంటి తీగెలు పెట్టుకున్నాడు, విద్యుత్ మాండలిన్‌తో నాదం నిలబెట్టుకున్నాడు, వేలు జార్చి, తీగె లాగి గమకం పలికించాడు. దీన్ని వరం అంటే పనివాణ్ణి అవమానించినట్టే. మద్రాసు సభల్లో మొదట పరాయి వాద్యమని పెదవి విరిచినవారున్నారు. వారి పక్కనే పక్కవాద్యంగా వాయిస్తున్న వయొలిన్ ఐరోపాదేనన్న సంగతి వారికి గుర్తు రాలేదు. కొద్ది ఏళ్లలోనే తమిళనాడు ప్రభుత్వం ఆయనను ఆస్థాన విద్వాంసుణ్ణి చేసింది; 1998లో పద్మశ్రీ, 2009కి సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చాయి. ఇంత జరగటానికి ఆ కుటుంబం గోదావరి ఒడ్డు విడిచి మద్రాసుకు కాపురం మార్చవలసివచ్చింది. దీనికి మనం గర్వపడనక్కరలేదు.

ఇక జాజ్. అదీ పరాయి వాద్యాల కథే. న్యూ ఆర్లియన్స్ నల్లజాతి శ్రామికుల చేతికి వచ్చిన కార్నెట్, క్లారినెట్ తెల్లవారి సైనిక బ్యాండ్లవి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ శిక్షణ పొందింది 1913లో, నల్లజాతి బాలల సంస్కరణాలయంలో. మన పెళ్లి ఊరేగింపులో క్లారినెట్ ఊదేవాడి వాద్యం కూడా అలా వచ్చి చేరినదే. ఈ బంధుత్వం చూడకుండా ఒకదాన్ని "మనది" అనీ, రెండోదాన్ని "గుడిది" అనీ పంచిపెట్టటం తొందరపాటు.

1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో పద్నాలుగేళ్ల శ్రీనివాస్‌కు జయజయధ్వానాలు లభించాయి. అక్కడివారికి త్యాగరాజు సాహిత్యం తెలియదు. కాని నెరవులో, స్వరకల్పనలో వాద్యకుడు అప్పటికప్పుడు కట్టే సంగీతాన్ని వారు గుర్తుపట్టగలరు, ఎందుకంటే జాజ్‌లోనూ వాయించేవాడే రచయిత.

అయితే ఆయన పాశ్చాత్యులతో కలిసి చేసినదంతా ఒకే స్థాయిది కాదు. మైకేల్ బ్రూక్‌తో 1995లో వచ్చిన "డ్రీమ్"లో మాండలిన్ చాలాచోట్ల మంచుతెరలో దీపంలా అందంగా మెరుస్తుంది, వాదించదు. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో "రిమెంబర్ శక్తి"లో చేరినప్పుడు సంగతి వేరు. 2000లో విడుదలైన "ది బిలీవర్"లో గిటారు ఒక మాట అంటే మాండలిన్ దాన్ని పట్టుకుని తిరగేసి, తన రాగపు వాకిట్లోకి లాక్కుని జవాబు చెబుతుంది. ఇద్దరూ సమానులు. లోపం కూడా అక్కడే ఉంది: వేగం వేగాన్ని రెచ్చగొడుతుంది, సభ చప్పట్లు కొడుతుంది, రాగం వెనకబడుతుంది. ఈ చప్పట్ల జబ్బు మద్రాసు సభలకూ తెలుసు.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే, చెన్నైలో పోయాడు. ఆ విద్యార్థి మిత్రుడికి నేను వినమని ఇచ్చింది ద్రుతంలో ఉరికే తుకడా కాదు, ఒక నిదానమైన ఆలాపన. మాండలిన్ లాంటి క్షణంలో ఆరిపోయే వాద్యం మీద ఒక స్వరాన్ని మరో స్వరం దాకా మోసుకుపోవటం ఎంత కష్టమో అందులో వినిపిస్తుంది. సుబ్బరాజు పాట కూడా అందులోనే వినిపిస్తుంది.