పతకం అంచున నంబరు

మా తాతకి ఎక్కడ తగిలింది? చాలాకాలం నా వెతుకులాటంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. బర్మా యుద్ధంలో ఆయన మిలట్రీ ఆసుపత్రిలో మూడు నెలలున్నాడని ఇంట్లో అందరూ చెప్పేవారు. ఆసుపత్రి అనగానే నేను తూటాయే అనుకున్నాను.

తాత సెలవు మీద చీపురుపల్లిలో రైలు దిగి ఇంటికొచ్చేనాటికి మా పెద్దత్తకి ఏడేళ్ళు. తండ్రిని చూసి జడుసుకుని తలుపు చాటుకి పోయిందట. "దెబ్బా లేదు, ఏటీ లేదు బాబూ. పసుపు పూసినట్టు పచ్చగా అయిపోనాడు మా అయ్య. కామెర్లనుకుని అమ్మ పసరు మందు పోయించీసింది" అంది. కళ్ళు కూడా పచ్చబడ్డాయా అని అడిగాను. కాసేపు ఆలోచించి, లేదు, తెల్లగానే ఉండీవి అంది.

కామెర్లయితే ముందు పచ్చబడేది కళ్ళే. అప్పట్లో బర్మా సరిహద్దులో సిపాయిల చేత రోజూ మెపాక్రిన్ అనే మలేరియా బిళ్ళ మింగించేవారు. అది ఒంటి రంగునే పసుపు చేసేది. క్వినైన్ చెట్ల తోటలకి పేరుపడ్డ జావా 1942లో జపాన్ చేతికి పోయాక ఇక ఆ బిళ్ళే దిక్కయింది. 1943లో ఆ రంగంలో గాయపడి వెనక్కి వచ్చిన ఒక్కొక్కరికీ 120 మంది జబ్బుపడి వచ్చారని పద్నాలుగో సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ రాశాడు. మన్యం జ్వరం ఎలాంటిదో మనవాళ్ళకి వేరే చెప్పాలా? తాతని మంచాన పడేసింది ఆ జ్వరమేనని నా నమ్మకం.

యుద్ధంలో పోయినవాళ్ళ ఆచూకీ కొంత నయం. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలు ఎవరైనా చూడవచ్చు. రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం మీద దాదాపు 27,000 పేర్లున్నాయి. మొదటి యుద్ధంలో చనిపోయిన మన సిపాయిలకి బస్రా స్మారకం రాళ్ళ మీద ఆ పాటి గౌరవం కూడా దక్కలేదు. తెల్లవాళ్ళ పేర్లు చెక్కి, వీళ్ళని ఇంతమంది అని అంకెలో సరిపెట్టారు. ఆ అన్యాయం తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. కానీ ఆసుపత్రిలో కోలుకుని ఇంటికొచ్చి మళ్ళీ నాగలి పట్టినవాడు ఏ రాతి మీదా ఉండడు. అతని జాడ సర్వీసు రికార్డులో ఉండాలి. అది అడగాలంటే సైన్యంలో అతని నంబరు కావాలి.

పేరు పట్టుకుని వెతికితే మన వైపు పని జరగదు. ఊరికి పదిమంది అప్పన్నలు, వీధికో పైడయ్య. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట చివరుంటుంది, ఒకచోట ఉండనే ఉండదు. వలస అనీ పేట అనీ ముగిసే ఊళ్ళూ ఎన్నో. జిల్లా కూడా మోసం చేస్తుంది. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట గంజాం జిల్లాలోవి. మొదటి యుద్ధం నాటి కాగితమైతే శ్రీకాకుళాన్ని చికాకోల్ అని, జిల్లాని గంజాం అని వెతకాలి. రెండోదైతే వైజాగపటం. శ్రీకాకుళం జిల్లా 1950లోనూ, విజయనగరం జిల్లా 1979లోనూ పుట్టాయి మరి.

తాత పతకాలు పాత పంచె ముక్కలో మూటగట్టి పెద్దత్త ట్రంకు పెట్టెలో దొరికాయి. మన సిపాయిలకిచ్చిన పతకాల అంచున నంబరు, హోదా, పేరు, దళం చెక్కేవారు. మా ఇంట్లో ఏటా సంక్రాంతికి ఇత్తడి చెంబులతో పాటు వాటినీ చింతపండుతో తోమేవారు. అక్షరాలు అరిగిపోయాయి. మీ ఇంట్లో ఉంటే దయచేసి తోమకండి.

కిటికీ దగ్గర గుండ్రటి పతకాన్ని ఏటవాలుగా పట్టుకుని, అంచు చుట్టూ పలచటి కాగితం చుట్టి, పెన్సిలు పక్కవాటుగా రుద్దాను. ముందు దళం తేలింది: ఆర్.ఐ.ఎ.ఎస్.సి. సైన్యానికి తిండీ సామానూ చేరవేసే దళం, ఇప్పటి ఆర్మీ సర్వీస్ కోర్. ఏ దళానికి ఆ దళం రికార్డాఫీసుకి రాయాలి. మద్రాసు సాపర్లయితే బెంగళూరు, మద్రాస్ రెజిమెంటయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, వైద్య దళమైతే లక్నో.

నంబరులో నాలుగో అంకె మూడో ఎనిమిదో తేలలేదు. రెండు నంబర్లతోనూ రెండు ఉత్తరాలు రాశాను.

పెద్దత్త ఆ కాగితం అడిగి తీసుకుంది. ఆమెకి చదువు రాదు. "ఇందల మా అయ్య పేరేదీ?" అంది. ఆమె వేలు పట్టుకుని అక్కడ పెట్టాను.